అనంతగిరికి బండ్ల బాట

మెట్టుగూడలో రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఒక రెండంతస్తుల ఇల్లు. చెప్పులు కింద విడిచి మెట్లెక్కి రండి. డాబా మీద చాప పరిచి ఉంది. చాప మీద మ్యాపు. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టారు: స్పానరు, స్టీలు చెంబు, పాత పెడలు, ఉస్మానియా బిస్కెట్ల డబ్బా. గురువారం రాత్రి ఎనిమిదైంది. నవంబరు చివరి వారం, గచ్చు అప్పుడే చల్లబడింది. తలెత్తి చూస్తే ఈశాన్యాన మౌలాలి గుట్ట, దాని నెత్తిన దర్గా దీపాలు. ఆ రాయికి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని కింద మల్కాజిగిరి ఇళ్ల వెలుగులు ప్రతి ఏడాదీ ఇంకాస్త పైకి పాకుతున్నాయి.

జరిగి చోటిచ్చారు, కూర్చోండి. మీతో కలిపి నలుగురు. ఈ ఇంటి పెద్దాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి కొండకు రారు. కానీ సైకిళ్ల చక్రాలన్నీ ఆయన చేతిమీదుగా వెళ్లాల్సిందే. తార్నాకలో ఉండే అక్క పెద్దాసుపత్రిలో నర్సు. ఆదివారం ఆమెకు డ్యూటీ లేదు, సోమవారం పొద్దున ఏడింటికి ఉంది. ఈ ప్లానులో కదపడానికి వీల్లేని గడువు అదొక్కటే. నాలుగో మనిషి సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను.

ఆదివారం అనంతగిరి. వికారాబాద్ స్టేషన్ నుంచి కొండ పైకి, అక్కడి నుంచి పడమటి వాలు దిగి కోట్‌పల్లి చెరువు వైపు, తిరిగి ధారూర్‌కు. తారు రోడ్డు ఎంత తక్కువుంటే అంత మంచిది. అంతా కలిపి నలభై కిలోమీటర్లలోపే. తారు మీద ఇది రెండు గంటల పని. మట్టిలో, రాళ్లలో, పొలం గట్ల మీద రోజంతా పడుతుంది.

ఇంత చిన్న సవారీకి ఇంత తతంగం ఎందుకని అడిగేవాళ్లుంటారు. నార్సింగి వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ కప్పు కూడా ఉంది. అక్కడ తొక్కాలంటే సైకిలు ఉంటే చాలు. ఎవరైనా తొక్కొచ్చు, తొక్కాలి కూడా. కొండ బాట అలాంటిది కాదు. అక్కడ బావి ఎక్కడుందో, కుక్క ఎక్కడుందో, ఎవరి చేను ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా సైకిలు దింపడం తప్పు. మీకు మాత్రమే కాదు, ఆ బాట మీద బతికేవాళ్లకు కూడా అది నష్టమే.

మ్యాపు మీదికి వంగండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లది, 1:50,000 కొలత, పాత లెక్కలో 56జి/15 షీటు. సెంటీమీటరుకు అర కిలోమీటరు. గోధుమరంగు గీతలన్నీ ఎత్తులు, గీతకూ గీతకూ మధ్య 20 మీటర్లు. పెద్దాయన గోరుతో ఒకచోట గీసి చూపిస్తున్నారు.

"ఈడ సూడు తమ్మీ. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టున్నయ్. దిగుడు గట్టిగుంటది. బ్రేకు పట్టుకొనే దిగితే డిస్కు మండిపోతది. పట్టాలె, ఇడవాలె. పట్టాలె, ఇడవాలె."

ఈ మ్యాపులకు ఈ నేలతో పాత చుట్టరికం ఉంది. 1802లో మద్రాసులో కొలతలు మొదలుపెట్టిన లాంబ్టన్ గొలుసులు మోసుకుంటూ దక్కను మీదికి వచ్చాడు. 1815లో బీదరు దగ్గర ఆధార రేఖ కొలిచాడు. అతని సహాయకుడిగా 1818లో నియమితుడైన జార్జ్ ఎవరెస్టు పనిలో చేరింది హైదరాబాద్‌లోనే. ఆ తర్వాత ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి పెట్టింది ఆయన పేరే. మీరిప్పుడు వేలు పెట్టిన గుట్ట నెత్తిన చిన్న త్రిభుజం, పక్కన ఒక అంకె కనిపిస్తున్నాయి కదా. ఆ గుర్తులన్నీ ఆ కొలతల సంప్రదాయం నుంచి వచ్చినవే. ఈ షీట్లు ఇప్పుడు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి. దింపుకుని, రాణిగంజ్‌లోనో ప్యారడైజ్ దగ్గరో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకోవచ్చు. ఫోనులో ఉంది కదా అని కాగితం మానకండి. ఫోను పగిలితే దారి పోతుంది. కాగితం నలిగినా దారి చూపిస్తుంది.

షీటు మీద తూర్పు వైపు నీలి గీత ఒకటి కొండలో పుట్టి హైదరాబాద్ దిక్కుగా వస్తుంది. అది మూసీ. పడమటి వాలు నీళ్లు కాగ్నాలోకి జారి, తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తాయి. కొండ పైన మీరు సైకిలు ఆపి నీళ్లు తాగే చోట గడ్డి మీద పడ్డ చినుకు ఏ వాలుకు జారుతుందో గాలే తేల్చాలి. ఎటు జారినా చివరికి కృష్ణలోకే. వికారాబాద్ చుట్టూ నేల కూడా మారిపోతుంది. మన సికింద్రాబాద్ గ్రానైటు అక్కడికి పోయేసరికి దక్కను లావా రాయి కిందికి దూరుతుంది, పైన ఎర్రటి లేటరైటు కప్పు. ఎండలో ఆ ఎర్ర నేల గట్టిగా, చక్రానికి పట్టు ఇస్తూ ఉంటుంది. చెట్ల నీడలో తేమ పట్టిన చోట జారుతుంది. పల్లంలో నల్లరేగడి చెలకలు వస్తాయి. రాత్రి వాన పడి ఉంటే వాటిలోకి దిగనే వద్దు. మట్టి చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని గట్టిపడుతుంది, చక్రం తిరగదు, సైకిలు భుజాన వేసుకుని నడవడమే. అందుకే అక్క శనివారం వాతావరణం చూశాకే ఖాయం చేద్దామంటోంది. అల్పపీడనం ఉంటే ప్రయాణం లేదు. అందులో వాదన లేదు.

కుర్రాడి పెన్సిలు మ్యాపు మీద ఒక పచ్చటి మచ్చ దగ్గర ఆగింది. దామగుండం. పూడూరు మండలంలోని అడవి. ఇక్కడి సైకిలువాళ్లకూ ట్రెక్కింగు వాళ్లకూ ఇష్టమైన చోటు. లోపల పాత రామలింగేశ్వర గుడి, కోనేరు, చుట్టూ చెట్ల కింద సన్నటి బాటలు. 2024 అక్టోబరు 15న అక్కడ నౌకాదళం వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి రక్షణమంత్రి శంకుస్థాపన చేశారు. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం అది. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర 1990 నుంచి ఉన్న కేంద్రం తర్వాత దేశంలో ఇది రెండోది. దానికి కేటాయించింది 2,900 ఎకరాల అడవి. దేశ రక్షణకు అది అవసరమని చెప్పేవాళ్ల మాట నేను తోసెయ్యను. అడవి పోతోందని రోడ్డెక్కినవాళ్ల బాధ కూడా నాదే. మూసీ పుట్టే ప్రాంతంలో అంత అడవిని ఒక్కసారిగా కోల్పోవడం చిన్న విషయం కాదు.

కుర్రాడు ఆ పచ్చ మచ్చ చుట్టూ గీత గీసి, లోపల అడ్డంగా కొట్టేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన చెంబు జరిపి ఆ మూల సరిచేశారు.

ఫోను మోగింది. స్పీకరులో పెట్టారు. గ్లాస్గోలో డాక్టరుగా ఉన్న స్నేహితుడు, సొంతూరు కరీంనగర్ వైపు. అక్కడ మధ్యాహ్నం రెండున్నర. ఆయన కూడా ఒక ప్లాను వేస్తున్నాడు, వచ్చే వేసవికి. స్కాట్లండు పడమటి తీరాన జురా అనే దీవి. రెండువందల పైచిలుకు మనుషులు, వేల జింకలు, ఒకే ఒక్క రోడ్డు. కెనక్రేగ్ నుంచి పెద్ద ఓడలో ఐలా దీవికి పోవాలి. అక్కడి పోర్ట్ అస్కేగ్ నుంచి చిన్న ఓడలో జలసంధి దాటాలి. రోడ్డు ముగిశాక రాళ్ల దారి మైళ్లకొద్దీ ఉంటుంది. దాని చివర బార్న్‌హిల్ అనే ఒంటరి ఇల్లు. జార్జ్ ఆర్వెల్ తన చివరి నవల 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' రాసింది ఆ ఇంట్లోనే. సైకిలు మీద ఆ ఇంటిదాకా పోయి రావాలని ఇతని కోరిక.

"ఇక్కడ అంతా ఓడ టైము, గాలి, బురద, చిన్న దోమలు. వీటితోనే లెక్క. ఆఖరి ఓడ తప్పిందా, రాత్రి దీవిలోనే," అంటున్నాడు. "మీకు ఓడ లేదు కదన్నా. మరి ఇంత లెక్కేంది?"

"పర్మిషన్," అంది అక్క. "మా లెక్క అదే. నీకు అడగాల్సిన పని లేదు."

నిజమే. స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా మెలిగేవాళ్లు ఎవరైనా కొండలూ బీళ్లూ దాటుకుంటూ నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు, గుర్రమెక్కి పోవచ్చు. భూమి ఎవరిదైనా సరే. 2005లో అది అమల్లోకి వచ్చింది. పండిన పైరు తొక్కకూడదు, ఇళ్ల ముంగిళ్లలోకి పోకూడదు, తీసిన గేటు మళ్లీ వెయ్యాలి, జింకల వేట సాగే రోజుల్లో ముందుగా కనుక్కోవాలి. ఇలాంటివన్నీ కలిపి ఒక నియమావళి కూడా ఉంది. మన దగ్గర అనంతగిరి రిజర్వు ఫారెస్టు. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అందులోకి అనుమతి లేకుండా పోకూడదు. కుర్రాడు వికారాబాద్ అటవీ కార్యాలయంలో కాగితం ఇచ్చి వచ్చాడు. అడవి లోపల తారు రోడ్డు, సిబ్బంది చూపించిన కాలిబాట. అంతే. మ్యాపు మీద ఆ దారికి పచ్చ గీత. మిగతా అడవిలోకి చక్రం దిగదు. అడవి దాటాక బండ్ల బాటలు, చెరువు కట్టలు, బీళ్లు. అక్కడ చట్టం కంటే మర్యాద ఎక్కువ పని చేస్తుంది. ఎదురైన మనిషికి దండం పెట్టి, "ఇటు పోవచ్చా పెద్దయ్యా?" అని అడిగితే పొమ్మనకుండా ఆపినవాళ్లు తెలంగాణ పల్లెల్లో చాలా అరుదు. ఎక్కువసార్లు కూర్చోమని నీళ్లిస్తారు.

ఇప్పుడు అసలు పని. ల్యాప్‌టాప్ తెర మీద ఉపగ్రహ చిత్రం తెరిచి, బాట వెంట మెల్లగా జరపండి. ఏం వెతకాలంటే, నల్లటి చుక్కలు. గుండ్రంగానో, నలుచదరంగానో, చేను మధ్య ముదురు నీడలా కనిపిస్తాయి. అవన్నీ వ్యవసాయ బావులు. చాలావాటికి ఒర ఉండదు, గోడ ఉండదు, గడ్డి అంచుదాకా పెరిగి ఉంటుంది. బాట మలుపు తిరిగిన చోటే బావి ఉంటుంది, ఎందుకంటే ఎడ్లబండ్ల కాలంలో ఆ బాట బావికోసమే పడింది. దిగుడులో వేగంగా వచ్చే సైకిలుకు ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. ఒక్కో చుక్క దగ్గర ఆగండి. ఆగి, కాగితం మీద ఎర్ర గుండు సున్న చుట్టండి. చెట్టు నీడలు కూడా అలాగే కనిపిస్తాయి. అనుమానం వచ్చినా సున్న చుట్టాల్సిందే. గీత పొడవునా సున్నలు పెరుగుతుంటే కుర్రాడి ముఖంలో ఉత్సాహం తగ్గి, జాగ్రత్త వచ్చింది. అదే కావాలి.

రెండోది కరెంటు తీగ. అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి కొందరు రైతులు చేను చుట్టూ తీగకు రాత్రిళ్లు కరెంటు కలుపుతారు. చట్టం ఒప్పుకోదు, మనుషులూ పశువులూ పోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. మోకాలి ఎత్తులో, కంటికి ఆనని సన్న తీగ. కాబట్టి మసక వెలుతురులో చేల మధ్య ఉండకూడదు. నవంబరు చివర సూర్యుడు ఆరున్నరకు కాస్త ముందు వస్తాడు, ఆరు కొట్టకముందే పోతాడు. ఏడింటికి మొదలుపెట్టి నాలుగున్నరకల్లా ధారూర్ రోడ్డెక్కెయ్యాలి. మధ్యాహ్నం రెండింటికి కోట్‌పల్లి చెరువు కట్ట మీద లేకపోతే, మిగతా మట్టి దారి వదిలేసి తారు రోడ్డు పట్టాలి. ఈ నియమం ఇప్పుడే, ఈ చాప మీదే, ఒళ్లు అలవకముందే ఒప్పుకోవాలి. అలసిన మనిషి దారిలో తీసుకునే నిర్ణయాన్ని నమ్మకూడదు.

మూడోది కుక్కలు. గొర్లమందతో గొంగడి వేసుకున్న గొల్లన్న ఎదురైతే దూరంలోనే సైకిలు దిగండి. మంద దాటేదాకా నిలబడండి. మంద కుక్క కరవాలని రాదు, మందకూ మీకూ మధ్య నిలబడాలని వస్తుంది. సైకిలు అడ్డం పెట్టుకుని, ఉరకకుండా ఉంటే చాలు. గొల్లన్న ఒక్క కేకేస్తే వెనక్కి పోతుంది.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు. అనంతగిరి గుడి దగ్గర ఒకసారి, చెరువు పక్క ఊళ్లో ఒకసారి నింపుకోవచ్చు. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు అక్క తెస్తానంది. ఆ మాటకు మాత్రం చర్చే జరగలేదు.

సైకిళ్లు ఎలా చేరాలి? సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు మార్గం పడింది 1874లో. వికారాబాద్ దాని మీదే, డెబ్బై కిలోమీటర్లకు పైగా. రైలు మీద పెద్దాయనకు ఉన్న మమకారం చెప్పక్కర్లేదు. అయినా ఆయనే వద్దన్నారు. సైకిలును బోగీలోకి తీసుకుపోనివ్వరు. పార్సిలు ఆఫీసులో బుక్ చేసి బ్రేక్‌వ్యాన్‌లో వెయ్యాలి. వికారాబాద్‌లో రైలు ఆగే కాస్తసేపట్లో దించుకోవాలి. పండ్ల పెట్టెల కింద పడితే గేర్లు మార్చే డెరైల్యూరు వంగుతుంది. అందుకే టాటా ఏస్ మాట్లాడారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి బండి. సైకిళ్లు నిలబెట్టి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో పాత దుప్పట్లు. రైలు మాత్రం వెనక దారిగా ఉంటుంది. ఎవరికైనా దెబ్బ తగిలినా, సైకిలు విరిగినా, తాండూరు లైను మీదున్న ధారూర్ స్టేషన్‌కు చేరితే ప్యాసింజరు దొరుకుతుంది. ఏది ఎన్నింటికో పెద్దాయన నోటికి చెబుతున్నారు, అక్క కాగితం వెనక రాసుకుంటోంది. ఇలాంటి తప్పించుకునే దారి ప్రతి పది కిలోమీటర్లకూ ఒకటి ఉండాలి. పెద్ద దెబ్బయితే 108. 2005 ఆగస్టు 15న ఇక్కడే మొదలైన సేవ అది. కానీ అంబులెన్సు తారు రోడ్డు దాకానే వస్తుంది, అక్కడిదాకా మోయాల్సింది తోటివాళ్లే. అక్క సంచిలో కట్లు, చెక్క బద్ద, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అప్పుడే సర్దేసి ఉన్నాయి.

శనివారం తెల్లవారుజామున యాప్రాల్ రండి. కొండ ఎక్కేముందు ఒకసారి పరీక్ష. సైన్యం భూముల్లోకి దిగకుండా, ఊరి వెనక గుండ్ల మధ్య ఇంకా మిగిలి ఉన్న మట్టి బాట. చలికి చేతులు బ్రేకు మీద బిగుసుకుంటున్నాయి. ఇక్కడి నేల పేరు మొరం. గ్రానైటు వేల ఏళ్లు నాని, ఎండి, చివికి, మెత్తటి భాగం మట్టయిపోతుంది. గట్టి పలుకురాయి మాత్రం గింజలు గింజలుగా మిగులుతుంది. కింద గట్టి రాయి, పైన ఆ వదులు గింజలు. గచ్చు మీద జొన్నలు పోసి వాటి మీద నడిచినట్టే. ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం పక్కకు పోయి భుజం నేలను తాకుతుంది. సీటు కిందికి దించండి. నడుము వెనక్కి. కళ్లు చక్రం ముందు కాదు, ఐదారు గజాల అవతల. వెనక బ్రేకు ఎక్కువ, ముందుది కొంచెం. చక్రం గరగరమంటూ జారుతూనే ఉంటుంది, జారనివ్వండి. కింద గట్టి రాయి తగలగానే అదే పట్టుకుంటుంది. ఆ క్షణం చేతుల్లోకి వచ్చే ధైర్యం ఏ వీడియో చూసినా రాదు.

ఆగి టైరు చూడండి. గాలి 22 పీఎస్‌ఐ. రోడ్డు సైకిలువాళ్లు ఎనభై పెడతారు, ఇక్కడ అది పనికిరాదు. టైరు మెత్తగా ఉండి రాయి చుట్టూ సాగితేనే పట్టు. ట్యూబు లేదు. లోపల సీలెంటు, పాలలాంటి రబ్బరు ద్రవం. మన ఎండకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, కాబట్టి ప్రయాణానికి ముందు కొత్తది పొయ్యాలి. ఎందుకో ఇదిగో, టైరు గాడిలో. రెండు వేళ్లతో లాగండి. పల్లేరు కాయ ముక్క. చిన్నప్పుడు ఊళ్లో ఒట్టి కాళ్లతో తిరిగినవాళ్లెవరికీ పరిచయం అక్కర్లేదు. పసుపు పువ్వు పూసే నేలబారు తీగ. కాయ ఎండాక ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు. ఎటు పడినా ఒక ముల్లు పైకే లేచి ఉంటుంది. ముల్లు పీకగానే బుస్సుమని తెల్లటి నురగ వచ్చింది. ఆ రంధ్రాన్ని కిందికి తిప్పి పట్టుకోండి. నురగ బుడగలైంది. బుడగలు ఆగాయి. గాలి నిలిచింది. ఈ మొక్క అమెరికా దాకా పోయింది. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ పట్నంలో దీని పేరుతోనే 2018లో సైకిలు పండుగ మొదలుపెట్టారు. పండుగ ముందు జనం వీధుల్లో ఈ తీగలు పీకి సంచులకెత్తుతారు. తుమ్మ ముల్లు ఇంకా పొడవు, దానికి సీలెంటు చాలదు, రబ్బరు ప్లగ్గు దూర్చాలి. టైరే చీలితే లోపల పాత టైరు ముక్క అతికించి ట్యూబు వేసుకోవాలి. ఆ ముక్కలు పెద్దాయన ముందే కోసి, అంచులు అరగదీసి ఇచ్చారు.

శనివారం రాత్రి మళ్లీ డాబా. ఆకాశం తేటగా ఉంది, వాన లేదు, ప్రయాణం ఖాయం. గొలుసులకు మైనం పూశారు. నూనె అయితే మొరం దుమ్ముతో కలిసి ముద్దయి పళ్లను తినేస్తుంది. అంతలో అక్క సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆమె పుట్టిన ఊరు ధారూర్ దగ్గరే. నాన్నకు ఫోను చేసి మన గీత ఏ పొలాల మీదుగా పోతోందో చెబితే, ఆయన ఊరి నక్ష జిరాక్సు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు.

దాన్ని సర్వే షీటు పక్కన పరవండి. పాత కాగితం జిరాక్సుకు జిరాక్సు, సర్వే నంబర్లు సగం చెరిగిపోయాయి. కానీ రెండు సమాంతర చుక్కల గీతలు స్పష్టంగా ఉన్నాయి. బండ్ల బాట. ఊరి నుంచి బయల్దేరి, చెరువు అలుగు పక్కగా, ఎవరి నంబరులోనూ కలవకుండా, అవతలి ఊరి పొలిమేర దాకా. ఎరువు బండ్లు, పంట బండ్లు, జాతర బండ్లు, పెళ్లి బండ్లు, అన్నీ దాని మీదే. మన గీతలో నాలుగు కిలోమీటర్లు ఈ బాటే. కుర్రాడు అదే చోటు ఉపగ్రహ చిత్రంలో తెరిచాడు. బాట మొదటి కిలోమీటరు బాగానే ఉంది, కంది చేల మధ్య. ఆ తర్వాత తెల్లటి చుక్కల వరసలు. కడీలు. అడ్డంగా, నిలువుగా కొత్త రోడ్లు, ఒక ప్రహరీ, ఒక గేటు. ఫామ్ ప్లాట్లు.

అక్క నాన్నకు ఫోను కలిపింది.

"ఆ బాట గేటు కాడ ఆగిపోయింది బిడ్డా. మా ఎడ్లు గూడ ఇప్పుడు రోడ్డు మీంచే పోతున్నయ్, మైలున్నర సుట్టు. అడిగితే కాగితం సూపియ్యమంటరు. ఉన్న కాగితం ఇదే."

కుర్రాడు రబ్బరుతో ఆ నాలుగు కిలోమీటర్లూ చెరిపాడు. కొత్త గీత తారు రోడ్డు మీద, ఎడ్లు చుట్టూ తిరిగే దారిలోనే. రేపు మీరు ఆ దారినే తొక్కుతారు. గేటు దూకి పోవచ్చుగా అని ఎవరికైనా అనిపించొచ్చు. వద్దు. మనం ఒక పూటకు వచ్చి పోతాం. గొడవైతే మిగిలేది ఆ ఊరివాళ్లకు. పెద్దాయన దగ్గర ఒక కాపీ ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికల్లా ఫోను రాకపోతే ఆయన ఎవరికి చెయ్యాలో అందులో రాసి ఉంది. నాలుగింటికి బండి. వెళ్లి పడుకోండి.

నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. ఇది సైకిలువాళ్ల కోసం చెబుతున్న మాట కాదు. మా సరదా పోతే పోనివ్వండి. బండ్ల బాట పోతే చిన్న రైతుకు ట్రాక్టరు చేనుకు పోదు, గొల్లన్నకు మంద తోలే దారి ఉండదు, వానాకాలంలో బడికి పోయే పిల్లలకు అడ్డదారి ఉండదు. 2025లో వచ్చిన భూభారతి చట్టం భూమి రిజిస్ట్రేషనుకు సర్వే పటం జతచెయ్యాలంటోంది. అంటే రాబోయే రోజుల్లో ఊరూరా సర్వేయర్లు కొలతలకు దిగుతారు. బాట కాగితం మీద బతికేదీ, శాశ్వతంగా చెరిగిపోయేదీ అప్పుడే. మీకు పల్లెలో ఎకరమో అరెకరమో ఉంటే, మీ అమ్మానాన్నలు అక్కడే ఉంటే, ఈసారి ఊరికి పోయినప్పుడు తహసీల్దారు కార్యాలయంలో మీ ఊరి నక్ష అడిగి చూడండి. ఆ చుక్కల గీత వెంట ఒక్కసారి నడిచి రండి. ఎక్కడ ఆగిపోయిందో గుర్తు పెట్టుకుని, గ్రామసభలో లేచి చెప్పి, దరఖాస్తు రాసి, రసీదు తీసుకోండి. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన రోజున బాట పక్కన మీ ఊరివాళ్లు నిలబడి ఉండాలి.